డీలియా ఇంటికొచ్చిన గడ్డి ముసుగు

మా పక్కింటి డీలియా కీవ్నీ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. గుడ్లు తెచ్చిచ్చిన మనిషి ఎదుటే ఒక్కో గుడ్డునూ వెలుతురుకు పట్టి చూసేది. పాదిరిగారు ఆదివారం ప్రసంగం తొందరగా ముగిస్తే, ఆ పూట ఆయనకు భోజనం ఎవరింట్లోనో ఆరా తీసేది. ఆమెది కుట్టుపని. ఐర్లండ్‌లో స్లైగో కొండల కింద మా క్లూన్‌డ్రిస్‌లో ఆమె చేతి కుట్టు పడని కోటు ఉండేది కాదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా నడుముకు టేపు చుట్టి, "నువ్వు చెప్పిన కొలత ఇది కాదే పిల్లా. ఇంకేం దాస్తున్నావ్?" అని అడిగింది. దాచడానికి ఏమీ లేకపోయినా నాకు చెమటలు పట్టాయి.

డీలియా పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒక్కడే తమ్ముడు, మలాకీ. అతను పెళ్లయ్యాక భార్య అట్రాక్టాతో బురదబయలుకు అవతల కాపురం పెట్టాడు. ఒక మే నెల మొదటి రోజు పొద్దున్నే డీలియా వెన్న చిలుకుతుంటే అట్రాక్టా వచ్చింది. పొయ్యి ఆరిపోయిందని ఒక నిప్పుకణిక అడిగి పట్టుకుపోయింది. ఆ పొద్దున నిప్పు గడప దాటితే దాని వెంటే వెన్న కూడా పోతుందని మా వైపు భయం. ఆ రోజు డీలియా రెక్కలు పడిపోయేలా చిలికినా వెన్న పడలేదు.

"నీ పెళ్లాం నా వెన్న దోచుకుపోయిందిరా" అని తమ్ముణ్ణి నిలదీసింది.

"దాన్ని మంత్రగత్తె అన్న నోటితో నన్ను మళ్లీ పిలవకు" అని అతను వెళ్లిపోయాడు.

అంతే, మాటలు తెగిపోయాయి. తండ్రి పోయినప్పుడు కూడా అక్కాతమ్ముళ్లు శవపేటికకు చెరో పక్క నిలబడ్డారే గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఏడాదంతా గడియ వేసి ఉండే డీలియా తలుపు అక్టోబరు ఆఖరున హాలోవీన్ సాయంత్రం మాత్రం బార్లా తెరుచుకునేది. ముందురోజే టీ నీళ్లలో ఎండుద్రాక్ష నానబెట్టి బ్రాక్ రొట్టె కాల్చేది. అందులో ఒక ఉంగరం, ఒక పేలిక, ఒక పుల్ల దాచేది. ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి, పేలిక వస్తే పేదరికం, పుల్ల వస్తే మొగుడి చేత దెబ్బలు. కాబేజీ కలిపి మెదిపిన బంగాళాదుంపల కుప్ప మధ్యలో గుంట చేసి వెన్న పోసేది. నీళ్లతొట్టిలో నోటితోనే అందుకోవాల్సిన ఆపిల్‌పండ్లు తేలేవి. తొలిచిన టర్నిప్ దుంపలో దీపం కిటికీలోంచి పళ్లికిలించేది. పొయ్యి పక్కన తండ్రి కుర్చీ ఖాళీగా ఉంచి, ముందు ఒక పళ్లెం పెట్టేది. చనిపోయినవాళ్లు ఆ సాయంత్రం ఇంటికొస్తారు కదా.

చీకటి పడుతుండగా ఊళ్లోవాళ్లు ముసుగులు వేసుకుని వచ్చేవాళ్లు. ఎవరు ఎవరో ఇంటివాళ్లే కనిపెట్టాలి. కనిపెడితే ముసుగు తీయాలి, లేకపోతే తిని, తాగి, అలాగే వెళ్లిపోవచ్చు. ఈ ఆటలో డీలియాను మించినవాళ్లు లేరు. కోటు తిరగేసి తొడుక్కొచ్చినా, "ఆ లోపలి గుడ్డ నేను వేసిందే. ముసుగు తియ్యి, మైలీ" అనేసేది.

ఒక ఏడాది వాళ్ల వెనక ఒక గడ్డి ముసుగు వచ్చింది. తల నుంచి భుజాల దాకా ఎండుగడ్డి జడలు, ఒంటికి గోనెపట్ట, చేతులకు మేజోళ్లు. కనిపించే కుట్టు ఒక్కటీ లేదు. ఆడలేదు, పాడలేదు. తండ్రి కుర్చీకి దగ్గరగా ముక్కాలిపీట మీద కూర్చుని, ముసుగు కాస్త ఎత్తి రొట్టె తిని, అందరికంటే చివర బయటికి నడిచింది.

"ఎవరది?" డీలియా నా చెయ్యి పట్టుకుంది.

"నాకేం తెలుసు?"

"మీ ఆయనేమో?"

"మా ఆయన అదుగో, ఆపిల్ తొట్టిలో తల పెట్టాడు."

మర్నాడు పొద్దున ఆమె కిటికీ గట్టు మీద కాబేజీ ఆకులో చుట్టిన వెన్నముద్ద కనిపించింది. పచ్చగా, మీద నీటి చెమ్మతో, చూస్తేనే నోరూరేలా ఉంది. డీలియా దాన్ని చేత్తో ముట్టలేదు. కీడు కోరేవాళ్లు ఇలాగే గుడ్లో వెన్నో తెచ్చి పెడతారని పటకారుతో పట్టుకెళ్లి పేడకుప్ప కింద పాతేసింది. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

ఆమె అనుమానం ప్యాకీ బ్రెహనీ మీద పడింది. ఒంటిగాడు, కొంటెవాడు, హాలోవీన్ నాడు ఊళ్లో గేట్లు పీకి చెట్లకు తగిలించే రకం. చర్చి బయట అందరి ముందూ పట్టుకుంది.

"నా కిటికీలో వెన్న పెట్టింది నువ్వేగా?"

"నా దగ్గర వెన్న ఉంటే రొట్టెకు రాసుకు తినేవాణ్ణి డీలియా. నీ కిటికీకెందుకు రాస్తాను?"

"అయితే అంతగా నవ్వుతావేం?"

"నువ్వు అడిగే తీరుకు ఏడవమంటావా?"

ఆమె నమ్మలేదు. ఏడాది పొడుగునా అతని చిరుగు కోటు కుట్టకుండా వెనక్కి పంపింది. మళ్లీ హాలోవీన్ వచ్చింది, గడ్డి ముసుగూ వచ్చింది. ఈసారి డీలియా గడపలో బూడిద చల్లి ఉంచింది. అడుగులు పడ్డాయి గాని, పాదాలకూ గోనె చుట్టుకుని వచ్చినట్టుంది, ఎలుగుబంటి నడిచినట్టు మరకలు తప్ప ఏమీ తెలియలేదు. పొద్దున మళ్లీ వెన్న. మళ్లీ పేడకుప్ప.

తర్వాతి ఏడాది ప్యాకీ ముసుగు లేకుండానే వచ్చి దీపం కింద నిలబడ్డాడు.

"నన్ను బాగా చూసుకోండి. ఇదుగో నేను. అదుగో అది!" అని తలుపు వైపు చూపించాడు.

గడ్డి ముసుగు లోపలికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. డీలియా ఇల్లంతా కలయజూసింది. ఊళ్లో నడవగలిగినవాళ్లంతా అక్కడే ఉన్నారు, అందరి ముసుగులూ ఊడిపోయి ఉన్నాయి. మూల వాయిస్తున్న ఫిడేలు ఆగిపోయింది. మైలీ శిలువ గుర్తు వేసుకుంది. బతికున్నవాళ్లంతా లెక్కకు వచ్చాక మిగిలింది ఎవరు?

డీలియా పాలిపోయిన ముఖంతో బ్రాక్ ముక్క కోసి, తనే తీసుకెళ్లి ముందు పెట్టింది.

"దేవుడి మీద ఆన పెట్టి అడుగుతున్నాను. ఈ లోకపుదానివా, ఆ లోకపుదానివా? నాన్న పంపాడా నిన్ను?"

ముసుగు ఏం చెయ్యాలో తోచనట్టు రొట్టె తీసుకుని కొరికింది. కటుక్కుమని శబ్దమైంది.

"అయ్యో నా పన్ను!"

ఆ గొంతు ఎరగని వాళ్లు లేరు. గడ్డి జడలు పక్కకు లాగేసుకుని, చెంప పట్టుకుని, ఉంగరం అరచేతిలో ఉమ్మింది అట్రాక్టా.

ముందు ప్యాకీయే నవ్వాడు. "మలాకీకి చెప్పాలి. ఏడాదిలో నీకు ఇంకో పెళ్లట!"

డీలియా మాత్రం నవ్వలేదు. "దొంగలా ఎందుకొచ్చావే?"

"ముసుగు లేకుండా వస్తే రానిస్తావా వదినా?"

"ఆ వెన్నేంటి?"

"నీ వెన్న తిన్నానంటివి కదా. నేను తినలేదు, నా పొయ్యి ఆరిపోతే నిప్పు పట్టుకెళ్లానంతే. అయినా నీ మనసు చల్లబడుతుందేమోనని తెచ్చాను. ఏం చేశావు దాన్ని?"

ప్యాకీకి నోరు ఆగలేదు. "పేడకుప్పకు పెట్టింది. కుప్ప బాగా బలిసింది."

అట్రాక్టా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది పన్నునొప్పో మరొకటో నేను చెప్పలేను. "ఆయన నిరుటి నుంచి దగ్గుతున్నాడు" అంది. "అక్క కుట్టిన కోటే కావాలంటాడు. అది చిరిగి వేలాడుతోంది, ఇంకోటి ఒంటి మీద పడనివ్వడు. నిన్ను అడగమంటే మాత్రం అడగడు."

"వాడు పంపాడా నిన్ను?"

"నేనిక్కడికి వచ్చినట్టు ఆయనకు తెలియదు."

"ఒట్టు?"

"ఒట్టు వదినా."

డీలియా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది, గుడ్డును వెలుతురుకు పట్టి చూసినట్టే. తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్లు తెచ్చి, "పుక్కిలించు. పన్ను కదులుతోందా?" అంది. అంతకుమించి ఆ సాయంత్రం ఒక్క మెత్తని మాట కూడా ఆమె నోట రాలేదు.

ఆ వారంలోనే టేపు, సుద్దముక్క సంచిలో వేసుకుని నన్ను తోడు రమ్మంది. బురదబయలు దాటుతున్నంతసేపూ, "ఇందులో ఏదో ఎత్తు ఉంది, చూస్తూ ఉండు" అని గొణుగుతూనే నడిచింది. మలాకీ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి లేచి నిలబడ్డాడు. ఆమే దగ్గరికెళ్లి అతని భుజాల మీదుగా టేపు వేసింది. ఒకసారి కొలిచింది. నమ్మక మళ్లీ కొలిచింది.

"నీ భుజాలేమయ్యాయిరా?"

"అరిగిపోయాయక్కా."

"చెయ్యి ఎత్తు" అంది డీలియా. అతను ఎత్తాడు. అట్రాక్టా నా వైపు చూసి, చప్పుడు చేయకుండా కెటిల్ పొయ్యి మీద పెట్టింది.