కొస మనిషి

మా మేనమామ చనిపోయాడని నెల్లూరు ఆసుపత్రి నుంచి కబురు వచ్చినప్పుడు మేము ఒడ్డున వల ఆరేస్తున్నాం. మా జట్టును నడిపే వల పెద్ద, "అయితే రేపు కొసన ఎవురు నిలబడతారు?" అన్నాడు. ఎవరూ నొచ్చుకోలేదు. మామ ఉంటే ఆయనా అదే అడిగేవాడు.

మీరు మా తీరానికి రాకపోతే ఈ కొస సంగతి తెలియదు. మా పెద్దవలను పడవలో తీసుకుపోయి నీళ్ళలో చుట్టూ దించి, రెండు తాళ్ళు ఒడ్డుకు తెస్తాం. ఒక్కో తాడును వరసగా నిలబడి లాగుతాం. అల వెనక్కి పోయేటప్పుడు వల మనుషుల్ని కూడా లోపలికి ఈడుస్తుంది. అప్పుడు తాడు జారకుండా వరస చివర ఒక బరువైన మనిషి దాన్ని నడుముకు చుట్టుకుని, మడమలు ఇసుకలో పాతి, వెనక్కి వాలి నిలబడాలి. ఆయనే కొస మనిషి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా తాడుకు మామే కొస. వల ఒడ్డెక్కగానే, పంపకాలకు ముందు, ఒక దోసెడు చేపలు కొస మనిషి కాళ్ళ దగ్గర పెట్టడం మా ఆనవాయితీ. వాటిని మామ ఏనాడూ వంగి తీసుకోలేదు. పొట్ట అడ్డం. అత్త వచ్చి ఒడిలో వేసుకుపోయేది.

నాకు తాడు పట్టడం నేర్పింది ఆయనే. "లాగబాకరా, ఆనుకో. అలిసిపోయే పని దానికొదిలెయ్," అనేవాడు సముద్రాన్ని చూపించి. అరచేతులు పుండ్లయితే వాటిని ఉప్పునీళ్ళలో ముంచి, నేను కేకపెడితే నవ్వాడు. మర్నాడు తన చేతికి చుట్టుకునే గుడ్డ నా మీదికి విసిరేసి పోయాడు. అంతకు మించి ప్రేమ చూపించడం ఆయనకు చేతకాదు.

అరవై దాటాక కూర్చున్నచోటే రొప్పేవాడు. కోవూరులో డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆమె కాటా ఎక్కించి, బీపీ చూసి, ఇంకోసారి చూసింది.

"పెద్దాయనా, ఈ వయసులో ఇంత ఒళ్ళు నీ గుండె మోయలేదు. బరువు దిగితే బీపీ కూడా దిగుతుంది."

"బరువు దిగితే నన్నే దించేస్తారమ్మా," అన్నాడు మామ. ఆమెకు అర్థం కాలేదు.

అత్త మాత్రం డాక్టరమ్మ మాట పట్టుకుంది. ఉప్పుచేప ఇంట్లోకి రానివ్వలేదు. రాత్రి అన్నం మాన్పించింది. ఆయన తిట్టుకుంటూనే ఆమె పెట్టింది తిన్నాడు. ఏడాది తిరిగేసరికి చొక్కా వదులైంది, రొప్పు తగ్గింది. డాక్టరమ్మ సంతోషించి, "ఈ బరువు నిలుపుకుంటే ఇక బీపీకి సగం మాత్ర చాలు. పెరిగితే మాత్రం వచ్చి చూపించుకో," అంది. ఆ రోజునుంచి అత్త కత్తిపీట కడిగి తుడిచి, దాని మీద మాత్రను సగానికి కోసేది.

ఊరు సంతోషించలేదు. షుగరు పట్టిందన్నారు. అత్త కూడు పెట్టడం లేదన్నారు. ఒకనాడు గాలి ఎక్కువగా ఉంది. వల నిండా చేప పడింది. అల లాగిన లాగుకు మామ మడమలు ఇసుకలోంచి లేచిపోయాయి. ఆయన జారాడు, మా వరస మొత్తం కూలింది, వల వాలి చేపంతా పోయింది.

"కొసన మనిషుండాడా, గుంజకు చొక్కా తగిలిచ్చినారా?" అన్నాడొకడు.

"మామా, గాలి బో ఎక్కువుండాది. జోబీలో రెండు రాళ్ళేసుకో."

మామ కూడా నవ్వాడు. వల పెద్ద నవ్వలేదు. "రేపట్నుంచి నువ్వు తాడు చుట్టుకుంటా కూచో అన్నా," అన్నాడు. లాగిన తాడును చుట్టలుగా చుట్టడం మాలో చూపు ఆనని వాళ్ళకూ, రోగిష్టులకూ ఇచ్చే పని. మర్నాడు దోసెడు చేపలు ఇంకొకడి కాళ్ళ దగ్గర పడ్డాయి. అత్త అలవాటు కొద్దీ అక్కడిదాకా నడిచి, ఆగి, ఉత్త చేతులతో తిరిగిపోయింది. మామ తాడు చుడుతూ అది చూశాడు.

ఆ రాత్రి ఆయన ఉప్పుచేప అడిగాడు.

"డాక్టరమ్మ వద్దనింది గదా."

"ఆయమ్మొచ్చి తాడు పట్టిద్దా?"

అక్కడినుంచి పంతం పట్టినట్టు తిన్నాడు. చలికాలం పోయేసరికి మొహం నిండింది. "ఇప్పుడు మనిషి లెక్కుండావు మామా," అని రాళ్ళేసుకోమన్నవాడే వీపు తట్టాడు. కొస మళ్ళీ ఆయనదైంది. కోవూరు పోదామంటే మాత్రం కదిలేవాడు కాదు. "పోతే కాటా ఎక్కమంటది. తిట్లు తినాల," అనేవాడు. మాత్ర ఒక్కపూట కూడా మానలేదు. అత్త కోసి ఇచ్చిన సగం, తినగానే.

పోయిన నెల తాడు నడుముకు ఉండగానే వెనక్కి వాలాడు. ఎప్పుడూ వాలే తీరే కాబట్టి మాకు తెలియలేదు. మూతి వంకర పోయాక చూశాం. నెల్లూరుకు తీసుకుపోతూ దారిలో డాక్టరమ్మకు చూపించాం. ఆమె బీపీ చూసి, మాత్ర ఎంత వేసుకుంటున్నాడని అడిగింది.

"మీరు చెప్పినట్టే సగం. ఒక్క రోజు కూడా తప్పలేదు తల్లీ," అంది అత్త, మెచ్చుకుంటుందని చూస్తూ.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఆ సగం నేనిచ్చింది బరువు తగ్గిన మనిషికి," అంది. నేను ఆ మాట అత్తకు చెప్పలేదు. చెప్పను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శ్మశానం దాకా అంతా ఇసుకే. పాడె మోసేవాళ్ళ కాళ్ళు దిగబడ్డాయి, దారిలో రెండుసార్లు భుజాలు మార్చుకోవాల్సి వచ్చింది. "బరువు గట్టిగానే ఎక్కించినాడే," అని ఎవరో గొణిగారు. ఆ మాట అన్నదెవరో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు కొసన ఎవరూ నిలబడటం లేదు. వల పెద్ద తాటిమొద్దు ఒకటి ఇసుకలో లోతుగా పాతించి, తాడును దానికి చుట్టిస్తున్నాడు. ఎంత అలకైనా అది జరగదు. ఆ మొద్దు ఎన్నో ఏళ్ళుగా మా పడవల పక్కనే పడి ఉంది.

నిన్న వల ఒడ్డెక్కగానే ఒకడు అలవాటు కొద్దీ దోసెడు చేపలు ఆ మొద్దు మొదట్లో పోశాడు. అత్త గడపలోనే కూర్చుని ఉంది, లేవలేదు. ఒక కుక్క వచ్చి మొద్దును వాసన చూసి, చేపల్ని ఒక్కొక్కటే తినసాగింది. మేమంతా తాడు పట్టుకునే ఉన్నాం. దాన్ని ఎవరూ అదిలించలేదు.