కాశిబుగ్గలో రాసిన రంగూన్ జట్టు చరిత్ర

పోయిన వారం మనవడికి ఆటల అంగీ కొందామని మట్టెవాడకు పోయాను. దుకాణపతను ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. ఇంగ్లండ్‌దీ, స్పెయిన్‌దీ అంటూ రంగురంగుల అంగీలు బల్ల మీద కుప్పపోశాడు. అవన్నీ పక్కకు జరిపి, రంగూన్‌లో ఫలానా జట్టు అంగీ ఉందా అని అడిగాను. అతను పక్కనున్న గిరాకీల దిక్కు చూసి నవ్వాడు. "టీచర్, బర్మాల గూడ ఫుట్‌బాల్ ఆడుతరా?" అన్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయి ఐదేండ్లయింది గాని నా గొంతు ఇంకా దిగిపోలేదు. "నిలబడి విను" అన్నాను. అప్పటికే నిలబడి ఉన్నాడు పాపం. ఆ జట్టు ఎట్లా పుట్టింది, ఎన్నిసార్లు కప్పు ఎత్తింది, ఎక్కడెక్కడ చిత్తుగా ఓడింది, అన్నీ చెప్పి, ఏమీ కొనకుండా బయటికి వచ్చాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. బంతిని కాలితో ముట్టని ఒక తెలుగు టీచరమ్మకు ఆ చరిత్ర ఎట్లా తెలుసో ఆ గిరాకీలకు ఎరుక లేదు.

మా ఇల్లు కాశిబుగ్గలో. కింద మా ఆయన జంపఖానాలు నేసే మగ్గం, మీద ఒక్క గది, దాని ముందు రేకుల నీడ. ఆ గదికి కిరాయికి వచ్చాడు ఒకతను, రంగూన్ నుంచి. ముప్ఫైకి దగ్గర వయసు. స్కాలర్‌షిప్ మీద బట్టల తయారీలో పెద్ద చదువు చదవడానికి వచ్చాడు. మెట్లు ఒక్కొక్కటే, కుడి మోకాలు పట్టుకుని ఎక్కేవాడు. ఆ మోకాలు చెడకముందు ఆ జట్టు తరఫున రెండేండ్లు ఆడాడట. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం దిక్కు నుంచి ఓడెక్కి పోయి బియ్యం మిల్లులో మూటలు మోసినవాడు. నాయనమ్మ నేర్పిన తెలుగు ఇతని నోట్లో ఊరగాయలా నిలవున్నది. వచ్చిన రెండోరోజే వంటింటి గడపలో నిలబడి, "పిన్నీ, ఇయాల ఏటి వండినారు?" అన్నాడు. మా వాకిట్లో నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు నిండి పొర్లేదాకా నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్ళే "బర్మా తమ్మీ, ఇయ్యాల ఏటి తిన్నవ్?" అని అతని మాట అతనికే అప్పజెప్పడం మొదలుపెట్టారు.

శని, ఆదివారాలు రేకుల నీడలో ఫోన్ గోడకు ఆనించి ఆట చూసేవాడు. అతని సొంత అన్న ఆ జట్టుకు గోలీ. మొదట్లో గోలీ అంటే ఎవరో నాకు తెలియదు. మా ఆయన మగ్గం దిగి, చేతులు తుడుచుకుని, ఆట అయిపోయేదాకా మీదనే కూర్చోవడం చూసి, ఏముందో అని నేనూ పోయాను. వాన, బురద, బురదలో ఇరవై రెండు మంది. అటు చివర కర్రల నడుమ ఒంటరిగా నల్లటి పొడుగాటి మనిషి. "అదిగో మా అన్న" అన్నాడు. అతను కొత్తగా జట్టులో చేరినప్పుడు రంగు చూసి, జాతి పేరు పెట్టి వెక్కిరించిన జనమే, రెండేండ్లకు అతని పేరు మీద పాట కట్టి పాడిందట. ఆ పాట మాకు అర్థం కాకపోయినా మా ఆయన మగ్గం మీద కూనిరాగం తీసేవాడు.

అట్లా నడుస్తుండగా ఒక పొద్దున వాళ్ళ దేశాన్ని సైన్యం చేతిలోకి తీసుకుంది. ఫోన్లు పలకలేదు. మూడు రోజులు అతను అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. తర్వాత మాటలు కలిశాయి గాని ఆటలు ఆగిపోయాయి. చాన్నాళ్ళకు, వీధుల్లో ఇంకా మనుషులు పడిపోతూనే ఉండగా, లీగ్ మళ్ళీ మొదలవుతుందని ప్రకటించారు. ఆటగాళ్ళందరూ వచ్చి చేరాలని కబురు. అన్న రానన్నాడు. వాళ్ళమ్మ ఇతనికి ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు చెప్తే వింటాడు, ఆడమని చెప్పు, లేకుంటే ఇంటికొచ్చి పట్టుకుపోతారు అని. అతను కిందికి దిగొచ్చి మగ్గం పక్కన కూలబడ్డాడు.

"నానేటి సెప్పాలి పిన్నీ?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముప్ఫై ఏండ్లు పిల్లలకు బుద్ధులు చెప్పిన నోరు కదా. "ఆడుమను బిడ్డా. ఆట ఆటనే, రాజ్యం రాజ్యమే. పానం కంటె ఎక్కువున్నదా ఏమన్న?" అన్నాను.

మా ఆయన మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ ఆ మనిషికి. "మా లగ్గమైన కొత్తల నలభై దినాలు ఈ గల్లీల ఒక్క మగ్గం ఆడలే. కూలి పెంచాలని నేతగాళ్ళ సంఘం ఆపుమన్నది, ఆపినం. జొన్న గట్క తిని పండుకున్నం. మగ్గం నడుపుడే పని కాదు కొడుకా, ఆపుడు గూడ పనే. మీ అన్నకు ఆ పని తెలిసినట్టుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇంటిమీదికి తుపాకులొచ్చేటోళ్ళకు నీ నలభై దినాల ముచ్చట చెప్తున్నవా?" అని అరిచాను. ఆయన మళ్ళీ నాడె అందుకున్నాడు. అతను మీదికి పోయి అన్నకు ఫోన్ చేశాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. లీగ్ మొదలైన రోజు ఆ కర్రల నడుమ వేరే గోలీ నిలబడ్డాడు. వారం లోపల వాళ్ళమ్మ ఇంటికి సిపాయిలొచ్చి, మంచాలు తిరగేసి పోయారు. అప్పటికే అన్న అడవిదారిన సరిహద్దు దాటేశాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అతను ఫోన్ పట్టుకుని మెట్లు దిగొచ్చాడు. "పిన్నీ, మా అన్న నేడు" అన్నాడు. నేడు అంటే వాళ్ళ తెలుగులో లేడని; చనిపోయాడనుకున్నాను. అన్న లేనిది జట్టు ఫొటోలో అని, అతను ఫోన్ చూపించాక గాని అర్థం కాలేదు. జట్టు వాళ్ళ పేజీలో కప్పు గెలిచిన ఏటి ఫొటో ఒకటుండేది, అందరి నడుమ కప్పు పట్టుకుని అన్న. అది తీసేసి ఉత్త కప్పు ఫొటో పెట్టారు. ఆటగాళ్ళ జాబితాలో అతని పేరు లేదు. అన్నేండ్లూ ఆ కర్రల నడుమ గాలి నిలబడ్డట్టే.

మరునాడు కోమటి దుకాణం నుంచి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. "నాను సెప్తాను, మీరు రాయండి. మా బర్మా అచ్చరాల్లో రాస్తే దారిలో ఎవుడైనా సదివేస్తాడు. మీ అచ్చరాల్లో అయితే ఆ సిపాయిల తాత దిగొచ్చినా సదవనేడు."

రెండు నెలలు, మధ్యాహ్నాలు, రేకుల నీడలో రాశాం. ఆఫీసుల జట్లు, రైల్వే జట్లు తప్ప వేరేవి లేని ఆ దేశంలో జీతమిచ్చి ఆడించే లీగ్ పెట్టినప్పుడు, రేవు పక్క బురద నేలలో ఈ జట్టు ఎట్లా మొదలైందో రాశాం. మొదటి ఏడాది అడుగున పడి, మూడో ఏడాది కప్పు ఎత్తి, దాన్ని తెప్ప మీద ఊరేగించారని రాశాం. మొదటిసారి పరదేశం పోయి ఆరు గోల్సు తిన్నారనీ, ఒక్కటి కొట్టినందుకే ఆ రాత్రి హోటల్లో నిద్రపోకుండా పాడారనీ రాశాం. నేను టీచరు బుద్ధితో ఓటములు కొన్ని వదిలేద్దామన్నాను. అతను ఒప్పుకోలేదు. "గెలిసినవే రాస్తే అది ఆఫీసోళ్ళ పుస్తకం అయిపోద్ది పిన్నీ." గోల్‌కీపర్‌ను ద్వారపాలకుడు అని రాస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. కొట్టేసి గోలీ అనే రాశాను.

అన్న ఆడనన్న ఆ ఏడు దగ్గరికి వచ్చాం. "ఈ ఏడు మా జట్టు ఆడనేదు అని రాయండి" అన్నాడు.

"ఆడింది గద బిడ్డా. పేజీల గెలుపోటములు గూడ ఉన్నయి."

"అంగీలు ఆడినాయి. జట్టు ఆడనేదు."

అట్లాగే రాశాను. అతను మీదికి పోయాక, అదే పుటలో కింద, అడగకుండానే ఇంకో వాక్యం రాశాను: ఆడమని సలహా ఇచ్చిన వాళ్ళలో ఇది రాస్తున్న మనిషి కూడా ఉంది. అతనికి తెలుగు చదవడం రాదు. మా ఆయన ఆ పుస్తకం ముట్టడు. అయినా రాశాను. వేరేవాళ్ళ ఫొటో చెరిపిన వాళ్ళ మీద అంత కోపం తెచ్చుకున్నదాన్ని, నా మాట నేను చెరుపుకుంటే ఎట్లా?

చదువు అయిపోయాక అతను ఇంటికి పోలేదు. తిరిగి తిరిగి, సరిహద్దు అవతల అన్న ఉన్న ఊరికే చేరాడు. అన్న పగలు ఇటుకల బట్టీలో పని, సాయంత్రం వలస వచ్చిన పిల్లలకు ఆట నేర్పడం. దారిలో పోగొట్టుకుంటానేమోనని పుస్తకం నా దగ్గరే ఉంచిపోయాడు.

మొన్న ఎండాకాలంలో వీడియో కాల్ చేశారు, అన్నదమ్ములిద్దరూ. అన్నను దగ్గరగా చూడటం అదే మొదలు. గడ్డం నెరిసింది. తన గురించి ఏం రాశానో చదవమని తమ్ముడితో అడిగించాడు. చదివాను. కప్పు ఆట ఆఖరి నిమిషంలో పెనాల్టీ కొడితే, కుడివైపు దూకి, కుడిచేత్తో బంతిని బయటికి నెట్టిన పుట. తర్వాత, జట్టు ఆడని ఏడు. కింది వాక్యం దగ్గరికి వచ్చాను. దాటేయవచ్చు. ఎవరికీ తెలియదు. దాటేయలేదు, అదీ చదివాను. తమ్ముడు వాళ్ళ భాషలో విడమరిచి చెప్పాడు. అన్న తలవంచుకుని విన్నాడు. ఏదో ఒక మాట అంటాడనీ, అంటే పడాలనీ నేను సిద్ధంగా కూర్చున్నాను.

అన్న తలెత్తి, అరకొర తెలుగులో, "పిన్నీ, కుడిసెయ్యి కాదు. ఎడంసెయ్యి" అన్నాడు.

ఎర్ర కలం తెచ్చి ఆయన చూస్తుండగానే దిద్దాను. కాలం ఆయన దగ్గర్నుంచి ఊరిని, జట్టును, ఫొటోను గుంజుకుంది గాని, ఆ బంతి ఏ అరచేతికి తగిలిందో మాత్రం ఇన్నేండ్లయినా గుంజుకోలేకపోయింది.