నాలుగు తట్టల మట్టి

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ముంచింగిపుట్టు దాటాక కొండల్లో ఉన్న మా ఊళ్లో ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరికైనా కబురు పంపాలంటే నన్నే పిలిచేవాళ్లు. ఓపికగా కూర్చుని చెయ్యాల్సిన పని ఉంటే మాత్రం నన్ను దూరంగా తోలేసేవాళ్లు. అలాంటి నన్ను మా పెద్దమ్మ ఏరి కోరి ఇల్లు కట్టే పనిలో పెట్టింది.

ఆ వేసవిలో మా అమ్మ నెలలు నిండి ఉంది. మా పాత ఇంటి గోడ కిందటి వానలకే ఒరిగిపోయింది. తొలకరి పడేలోగా కొత్త ఇల్లు లేవాలి, అమ్మ పురుటి బిడ్డతో అందులోకి వెళ్లాలి. నాన్న అడవి నుంచి వాసాలూ, కప్పుకి గడ్డీ తెచ్చే పనిలో ఉన్నాడు. గోడల పని మా పెద్దమ్మది. ఆమె అమ్మకి సొంత అక్క, మా వీధిలోనే ఉండేది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఎవరు మట్టి గోడ పెట్టించుకోవాలన్నా ఆమెకే కబురు వచ్చేది.

గోడ పెట్టడమంటే సగం పని ఆగడమేనని నాకు అప్పుడే తెలిసింది. మట్టి తొక్కి, తరిగిన గడ్డీ పేడా కలిపి రెండు రోజులు నాననివ్వాలి. మూరెడు ఎత్తున ఒక వరస పెట్టాక, అది ఆరేదాకా పై వరస జోలికి పోకూడదు. తొందరపడి కట్టిన గోడ తొందరగానే పడుతుందనేది పెద్దమ్మ. మట్టి కూడా ఎక్కడిది పడితే అక్కడిది పనికిరాదు. చెదలు వదిలేసిన పాత పుట్ట మన్నే కావాలి. అది జిగటగా పట్టుకుంటుంది, వానకి ఒక పట్టాన కరగదు. ఆ పుట్ట ఊరికి ఎగువన, నిట్టనిలువు దారి ఎక్కితే వస్తుంది. వెళ్లిన ప్రతిసారీ నాలుగు సామ గింజలు చల్లి, మన్ను తీసుకుంటున్నామని పుట్టకి చెప్పి మరీ తవ్వాలి.

ఒక సంత రోజు పొద్దున, నాలుగు తట్టల పుట్టమన్ను తెచ్చేసి పొమ్మంది పెద్దమ్మ. నా ఈడు పిల్లలంతా అప్పటికే బయల్దేరుతున్నారు. ఆ కొండ నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి సంతలో ఏం మిగులుతుంది? ఊరి చివర, దారి కోసం తవ్విన గట్టు ఉంది. అక్కడి మట్టీ ఎర్రగానే ఉంది, చేత్తో లాగితే చాలు రాలుతోంది. నాలుగు తట్టలూ అక్కడే నింపుకొచ్చి పోశాను. పెద్దమ్మ వంగి చిటికెడు మట్టి తీసుకుని వేళ్ల మధ్య నలిపింది.

"బేగే వచ్చీసినావే గుంటా" అంది. చెయ్యి దులుపుకుని పొమ్మన్నట్టు తలూపింది. నేను సంతకి పరుగు తీశాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి నా మట్టి కుప్ప లేదు. పెరట్లో కోళ్లకి ఒక గూడు కట్టి ఉంది, ఇంటి పడమటి గోడ మూరెడు లేచి ఉంది. ఆ గోడ పక్కనే అమ్మ మంచం వేద్దామని పెద్దవాళ్లు అనుకున్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నానబెట్టిన మట్టిలో నేను తెచ్చిందీ కలిపేసి పెట్టేసిందనుకున్నాను.

ఆ సాయంత్రమే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. దాని మీద రెండో వరస లేచింది, మూడోది లేచింది, వరస లేచినకొద్దీ నోరు ఇంకా మూసుకుపోయింది. పొద్దున లేస్తూనే ఆ గోడ దగ్గరికి పోయి అరచేత్తో నొక్కి చూసేదాన్ని, గోటితో గీకి చూసేదాన్ని. ఒకచోట వెంట్రుకంత బీట కనబడితే ఎవరూ చూడకుండా పేడ పూశాను. పై వరసలకి మాత్రం ఎవరూ చెప్పకుండానే కొండెక్కి, గింజలు చల్లి, పుట్టమన్ను తట్టలకి తట్టలు మోసుకొచ్చాను. అడుగున తప్పుడు మట్టి పెట్టుకుని పైన ఎంత మంచిది పెడితే ఏం లాభమని మళ్లీ నాకే అనిపించేది. అన్నం సయించేది కాదు. పిల్ల చిక్కిపోతోందని అమ్మ దిగులు పడింది. పెద్దమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు తన పని తాను చేసుకునేది.

తమ్ముడు పుట్టాడు. గోడలకి ఎర్రమట్టి అలికి, అంచున తెల్లమట్టి పట్టీ వేసి అమ్మని కొత్త ఇంట్లోకి తెచ్చారు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లగా ఉందని చూడవచ్చిన వాళ్లంతా మెచ్చుకున్నారు. మంచం సరిగ్గా పడమటి గోడ పక్కనే వేశారు.

ఒక మధ్యాహ్నం కొండ మీద మబ్బు కమ్మి తొలి వాన దిగింది. గాలి కూడా పడమటి నుంచే. నేను ఇంట్లోకి పోయి, తమ్ముణ్ణి ఎత్తుకుని బయటికి రమ్మని అమ్మ చెయ్యి పట్టుకు లాగాను. పచ్చి బాలింతని వానలోకి లాగుతావా అని అమ్మ కసిరింది. వాడు ఏడుపు అందుకున్నాడు. ఇక ఉండబట్టలేక తడుస్తూనే పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. అది పుట్టమన్ను కాదని, దారి గట్టు మట్టి అని, గోడ అమ్మ మీద పడిపోతుందని వెక్కుతూ చెప్పేశాను.

పెద్దమ్మ తల మీద గోనె కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని మా పెరట్లోకి తీసుకెళ్లింది. మబ్బు పట్టగానే కోళ్లని తనే తీసి బుట్ట కింద మూసిందట. గూడు ఉన్నచోట ఎర్రటి ముద్ద ఒకటి నీళ్లలో కరిగి పారుతోంది.

"నీ మట్టి అదిగో" అంది. "గోడలోకి ఒక్క ముద్ద ఎల్లలేదు."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది.

"సెప్తే ఆ పూటకి ఏడ్సి మరిసిపోదువు. గోడ పెట్టినోల్లకి దాని పక్కన ఎవులు తొంగుంటారో గేపకముండాల. నీకిప్పుడుంది."

నెల రోజులు నన్ను అలా వేయించుకు తిన్న ఆ మనిషి మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చిన్నపిల్లకి అంత భయం పెట్టకూడదు. నా మనవరాళ్లకి నేను పెట్టలేదు. కానీ ఆ మరుసటి ఏడాది నుంచి ఆమె వెంట ఊళ్లు తిరిగి గోడలు పెట్టడం నేర్చుకున్నదీ నేనే. ఇప్పుడు మా వైపు కూడా స్లాబు ఇళ్లే ఎక్కువ. అయినా చలికాలంలో వెచ్చగా ఉంటుందని ఒక మట్టి గది కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ మధ్య కాఫీ తోటలో గదులు కట్టిస్తున్న కాంట్రాక్టరు వచ్చి, వారంలో గోడలు లేపెయ్యాలన్నాడు. అక్కడ పడుకునేది ఎవరని అడిగాను. ఎవరో టూరిస్టులు, ఎవరైతే నీకేంటన్నాడు. ఆ పని ఒప్పుకోలేదు.

నాకు అరవై దాటాయి. ఇప్పటికీ తొలి వాన పడితే, నేను పెట్టిన గోడల పక్కన పడుకునే వాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొస్తారు. మా వీధి మలుపులో ఉండే చెవిటి ముసలాయన, నెలల పిల్లతో ఉన్న ఆయన కోడలు, పక్క ఊళ్లో ఒంటరిగా ఉండే పిన్ని. వాన వెలిశాక సెల్లులో సిగ్నలు దొరికిన చోట నిలబడి ఒక్కో ఇంటికీ ఫోన్ చేస్తాను. గోడ ఎలా ఉందని అడగను, మీరెలా ఉన్నారని అడుగుతాను. వాళ్లకీ తెలుసు. "పొడిగానే ఉన్నాం" అంటారు.