తొలి చేప ఎవరిది?

మా అపార్ట్‌మెంటు బాల్కనీలో గాలి పోయిన బాస్కెట్‌బాల్ ఒకటుంది. ముక్కుకి నాలుగు బారల దూరంలో పెట్టినా దాన్నుంచి ఎండు నెత్తళ్ల చేపల కంపు, రబ్బరు వాసన, ఉప్పుగాలి కలిసి గుప్పుమంటాయి. మా ఆవిడ దాన్ని సబ్బుతో కడిగింది, నిమ్మకాయతో తోమింది, చివరికి దేవుడికి మొక్కుకుంది కూడా. బంతి మాత్రం మా ఊరు భావనపాడు వాసన వదలనంది. ఆ బంతి మా మేనత్త కొడుకు ఎర్రయ్య బావది. నేను వేయబోయిన ప్రతి బంతినీ గాలిలోనే అడ్డుకుని, నా బాల్యమంతా బుట్టలో ఒక్క బంతీ పడకుండా గడిపించిన దుర్మార్గుడు.

మా కోర్టంటే సముద్రపొడ్డున పాతిన సరుగుడు గుంజ, దానికి బుట్టలా కట్టిన పాత డ్రమ్ము ఇనప చుట్టు, అంతే. పొడి ఇసుకలో పడితే బంతి ముద్దలా కూర్చుండిపోయేది కాబట్టి, నీరు వెనక్కి తీశాక తేలిన తడి ఇసుక మీదే ఆట. చలికాలం పొద్దుటిపూట ఒక పక్క ఆరబెట్టిన నెత్తళ్లు, ఇంకో పక్క మా అత్త రాత్రి చేసిన చేపల పులుసు, చద్దన్నం, మధ్యలో మేము. కెరటం మూడో జట్టులా వచ్చి బంతి ఎత్తుకుపోయేది. బావ మోకాళ్లు వంచి, చేతులు చాచి, పీతలా పక్కపక్కకి జరిగేవాడు. నేనెటు తిరిగితే అటు కొండంత మనిషి.

అది బడిలో నేర్చిన విద్య కాదు. పెద్దవల లాగేటప్పుడు ఊరంతా ఒడ్డున తాళ్లు పట్టుకుంటే, బావ తండ్రి, అంటే మా మావ, ఛాతీలోతు నీళ్లలో వల నోటి దగ్గర నిలబడి, నీళ్లు చరుస్తూ, తప్పించుకోబోయే చేపలని లోపలికి మళ్లించేవాడు. వల ఒడ్డెక్కాక సొంతదారు కూడా ముట్టకముందు తొలి చేప ఏరుకునే హక్కు మావది. పట్టినవాడికంటే పోనివ్వనివాడే ఎక్కువని మా ఊరి లెక్క. తండ్రి పక్కన నిలబడి బావ ఆ పనే నేర్చుకున్నాడు. నేను మూతి ముడిస్తే, "ఒరే, కంటిసూపుతో నన్ను ఏమార్సగలవు గానీ నడుంతో ఏమార్సలేవురా" అనేవాడు.

ఎదుటివాడి నడుం కనిపెట్టే ఆ నేర్పు తెలిసిన విశాఖపట్నం ఆఫీసు జట్టొకటి బావని జీతమిచ్చి ఆడడానికే తీసుకుంది. దేశమంతా చప్పట్లు కొట్టే ఆటగాళ్లు బావ ఎదురుపడితే పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకునేవారు. అయినా మర్నాడు పేపర్లో పాయింట్లు వేసినవాళ్ల పేర్లే. కొడుకు పేరు ఒక్కసారైనా వినాలని మావ టీకొట్టులో ఆటల పేజీ చదివించుకునేవాడు. టీ చల్లారిపోయాక, "మావోడు ఆడనేదేటి?" అని అడిగేవాడు.

ఒకసారి విజయనగరంలో ఫైనలు పడింది. ఎండుచేపలకొచ్చిన సాలూరు లారీ ఎక్కి మా వీధి వీధంతా వెళ్లాం. బంతి బుట్టలో పడితే మావాళ్లు ఆవులించేవారు, బావ అడ్డుకుంటే ఈలలతో పైకప్పు లేపేవారు. చివర్లో బావ జట్టు ఒక్క పాయింటు ముందుండగా, తాటిచెట్టుకి బనీను తొడిగినట్టున్న అవతలి జట్టువాడు ఎగిరాడు. బావ అరచెయ్యి అడ్డం పడింది. గెలిచాం.

ఉత్తమ ఆటగాడికి కప్పు ఇస్తామని మైకులో అన్నారో లేదో, మావ తువ్వాలు పరిచి పట్టుకుని, తొలి చేపకి వల దగ్గర నిలబడ్డట్టే వేదికెక్కి నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి కప్పు వెనక్కి లాక్కుని, మీవాడు ఒక్క పాయింటు కూడా వెయ్యలేదు కదయ్యా అన్నాడు. కుర్చీలన్నీ నవ్వాయి. మావ నవ్వలేదు, దిగలేదు.

"తొలి సేప మరొకడికిస్తే రేపు నీల్లలో ఎవుడు నిలబడతాడు బాబూ?"

బావ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. కప్పు ఎక్కువ పాయింట్లు వేసినవాడికి వెళ్లింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇప్పుడు మా ఒడ్డున పెద్దవల లేదు. ఇంజను పడవలొచ్చాయి, చేపలు నేరుగా ఐసు పెట్టెల్లోకి పోతాయి, ఏది తొలి చేపో ఎవరికీ తెలియదు. మావ కూడా పోయాడు, కొడుకు పేరు పేపర్లో వినకుండానే. బావకి ఆఫీసులో ఒక కుర్చీ, అరిగిపోయిన రెండు మోకాళ్లు మిగిలాయి.

మొన్న ఆదివారం మా ఇంటికొస్తే, కింద పిల్లలు ఆడే బుట్ట దగ్గరకి లాక్కెళ్లాను. నా పొట్టతో సహా ఎగిరాను. మోకాలికి పట్టీ కట్టుకున్న బావ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది, బంతి కార్ల కిందికి పోయింది. పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. ఇన్నాళ్లకి బావని చూసేవాళ్లు దొరికారనుకున్నాను.

"అంకుల్, అంత దగ్గర్నుంచి ఎలా మిస్సయ్యారు?" అని నన్నడిగారు.

బావ అప్పటికే ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, కారు కిందికి వంగి బంతి వెతుకుతున్నాడు.