ఇరవై నాలుగు రంధ్రాల బస్సు

మా కోడలు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని ఆటలు తయారు చేస్తానన్నప్పుడు నేనేమీ అనలేదు. అనాల్సినవన్నీ మావాడే అన్నాడు. చివరికి మొగుడూ పెళ్లాం ఒక మాటకొచ్చారు. ఏడాది గడువు. ఆలోపు ఒక్క ఆటనైనా ఎవరైనా తీసుకుంటే సరే, లేకపోతే పాత ఆఫీసుకు తిరిగి వెళ్లాలి. ఆ ఆఫీసువాళ్లు కూడా అప్పటిదాకా చోటు ఉంచుతామన్నారు. నేను చెప్పబోయేది ఆ ఏడాదిలో చివరి రెండు నెలల సంగతి.

ఇవి ఫోన్లో ఆడే ఆటలు కావు. బల్ల మీద పరుచుకుని నలుగురు చుట్టూ కూర్చుని ఆడేవి. అప్పటికే ఆమె రెండు తయారు చేసింది, రెండూ ఎవరికీ నచ్చలేదు. బెంగళూరులో ఇలాంటి ఆటలు అచ్చువేసే సంస్థ ఒకటి, వచ్చే నెలాఖరుకు తమ మనిషి హైదరాబాదు వస్తాడని, కొత్తది ఏదైనా ఉంటే చూస్తాడని రాసింది. మిగిలింది అదొక్కటే.

ఉప్పల్‌లో మా ఇంటి ముందుగదిలో వాళ్ల పని మొదలైంది. వాళ్లంటే ఇద్దరు, మా కోడలు, ఘట్‌కేసర్ నుంచి వచ్చే బొమ్మలు గీసే అమ్మాయి. గోడ నిండా పసుపు చీటీలు అంటించారు. తోచిన ప్రతి ఆలోచనా చీటీ మీద రాయాలట. మొదటి గంటలో ఎవరూ ఏ చీటీనీ 'బాగాలేదు' అనకూడదట. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీ టూల్ రూంలో ముప్పై నాలుగేళ్లు లేతు మీద పనిచేసిన టర్నర్‌ని. మా దగ్గర పని మొదలయ్యేదే 'కాదు' అనే మాటతో. కొలత కాదు, పదును కాదు, బిగింపు కాదు. కాదనడానికి గంటసేపు ఆగడమనేది నేనెక్కడా వినలేదు. పేపరు చదువుతున్నట్టు కూర్చుని చూస్తుండేవాణ్ణి. కీసరగుట్ట మీద కోతులు ప్రసాదం ఎత్తుకుపోయే ఆట. పెళ్లి బంతిలో చోటు దొరకని ఆట. మా ఆవిడ కూడా వంటింట్లోంచి ఒకటి అందించింది, చుట్టాలు దిగగానే గ్యాస్ అయిపోయే ఆట. అదీ గోడెక్కింది.

"మామయ్యా, మీరు గూడ ఒకటి చెప్పున్రి. ఊకె పేపర్ ఎనుక దాక్కుంటున్నరు" అంది కోడలు.

"మాకు ఆటలేడియి బిడ్డా? బస్సుల కొట్టుకునుడే సరిపాయె" అన్నాను.

అని ఊరుకోలేదు. ఉప్పల్ రింగురోడ్డులో ఎక్కితే నాచారంలో దిగాలి. మధ్యలో హబ్సిగూడ, నాచారం దాటాక మల్లాపూర్. బస్సు కిక్కిరిసి ఉండేది. నా స్టాపు వచ్చినప్పుడు తలుపుకూ నాకూ మధ్య డబ్బా పట్టుకున్న మనిషి ఒకడు నిలబడి జరగలేదు. తనది మల్లాపూరు కాబట్టి తానెందుకు జరగాలన్నాడు. బస్సు కదిలింది. నేను మల్లాపూర్‌లో దిగి వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి సైరన్ మోగింది, గేటు మూసేశారు. వాచ్‌మన్ నన్ను రోజూ చూసేవాడే. గేటు సందులోంచి "టైం అయింది" అన్నాడు. సగం రోజు పోయింది. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఆ డబ్బా రంగు ఇప్పటికీ చెప్పగలను.

నేను కోపంతో చెబుతుంటే బొమ్మలు గీసే పిల్ల రాసుకుంటోంది. "తాతా, ఇది ఆటనే" అంది.

"ఆట గాదు బిడ్డా, బతుకు."

"గదే అంటున్న."

సాయంత్రానికి మిగిలిన చీటీలన్నీ గోడ దిగాయి, బస్సు నిలిచింది. ఆట చాలా తేలిక. ముగ్గురు ఆడాలి, ఒక్కొక్కరికి ముగ్గురు కార్మికులు. అందరూ ఒకే బస్సులో ఉంటారు. ఎవరి స్టాపు వాళ్ల కార్డు మీద ఉంటుంది. ఖాళీ సీటుంటేనే జరగాలి, తలుపు దాకా వస్తేనే దిగాలి. సైరన్ కార్డు పడేలోపు ఎవరు తమవాళ్లను ఎక్కువమందిని దింపితే వాళ్లు గెలిచినట్టు.

ఇక మొదటి నమూనా చేయాలి. దాన్ని వాళ్లు ప్రోటోటైప్ అంటారు. నేను చేస్తానన్నాను. కోడలు ఒక కాగితం మీద బస్సు బొమ్మ గీసి, సీట్లు ఇరవై నాలుగు అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చింది. "ఏదో ఒకటి, ఆడేటట్టుంటే సాలు మామయ్యా" అని కూడా అంది.

డ్రాయింగ్‌లో ప్రశ్నార్థకం అనే కొలత మాకు లేదు. పైగా మా పనిలో మొదటి పీసుకు ఉన్న మర్యాద వేరు. వెయ్యి పీసులు చేయాలన్నా ముందు ఒకటి చేసి ఇన్‌స్పెక్షన్‌కు పంపాలి. అది కొలతకు వస్తేనే మిగిలినవి. కాబట్టి అన్నింటికన్నా శ్రద్ధగా చేసేది మొదటి పీసే. ఏడో తరగతితో బడి ఆగిపోయినవాణ్ణి నేను. డ్రాయింగులు చదవడం మధ్యాహ్నం అన్నం గంటలో నాకు నేనే నేర్చుకున్నాను. డిగ్రీలతో వచ్చినవాళ్లకు ఆ గీతల్ని నేనే విప్పి చెప్పేవాణ్ణి, కింద సంతకం మాత్రం వాళ్లు పెట్టేవాళ్లు. ఈ ఒక్కటీ నా చేతిదిగా ఉండాలనుకున్నాను.

నాచారంలో నా దగ్గర పని నేర్చుకున్నవాడి షెడ్డు ఉంది. పది రోజులు అక్కడికి వెళ్లాను. అల్యూమినియం ప్లేటు, అందులో ఇరవై నాలుగు రంధ్రాలు, నడవకు ఒక గాడి, స్టాపుల పేర్లు చెక్కుడు. కార్మికులు ఇత్తడి. చేత్తో పట్టుకుంటే బరువు తెలిసేటట్టు, అంచు గీసుకోకుండా చేశాను. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే ఇద్దరు ఆడపిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెచ్చుకోలు అనుకున్నాను.

ఆడించి చూడడానికి నాచారం రోడ్డు మీద టీ హోటల్‌కు తీసుకెళ్లాను. అక్కడ మా పాతవాళ్లు రోజూ కూర్చుంటారు, ఒక ఫిట్టరు, గ్రైండింగ్ మెషీన్ నడిపిన గ్రైండరు, పీసుల కొలతలు చూసే ఇన్‌స్పెక్టరు. ముగ్గురూ రిటైరైనవాళ్లే. ప్లేటు చూడగానే టీలు పక్కకు జరిపారు.

"అబ్బ, ఏం ఫినిషింగ్ అన్నా! గీ వయసుల గూడ చెయ్యి వణుకలే" అన్నాడు గ్రైండరు.

ఫిట్టరు ఒక ఇత్తడి మనిషిని రంధ్రంలోకి వదిలి, పడిన చప్పుడు విని తల ఊపాడు. ఇన్‌స్పెక్టరు జేబులోంచి వెర్నియర్ తీశాడు. రిటైరైనా అది వదలడు. నాలుగు రంధ్రాలు కొలిచి, "పాస్" అన్నాడు. తర్వాత ఆట మొదలుపెట్టారు. సగంలో కరెంటు మోటార్ల మీదికి మాట మళ్లింది. ఆట అక్కడే ఆగింది.

ఇంటికొస్తే కోడలు అడిగింది. "ఏమన్నరు మామయ్యా?"

"మస్తుగుందన్నరు."

మరో రెండుసార్లు తీసుకెళ్లాను. మరో రెండుసార్లు మస్తుగుందన్నారు. అట్లా మూడు వారాలు గడిచాయి. నెలాఖరుకు పన్నెండు రోజులే ఉన్నాయి.

బొమ్మల పిల్ల ఆ రోజు ఉండబట్టలేక అడిగింది. "తాతా, ఇంకోసారి ఆడుదమని ఎవలన్న అన్నరా?"

అనలేదు.

"ఒక్కసారన్న ఆఖరు దాక ఆడిన్రా?"

లేదు.

"సీట్లెక్కువైనయ్ తాతా. గింత జాగుంటె ఎవలకు ఎవలడ్డమొస్తరు? పన్నెండు సాలు. నాకు మొదటి వారమే అనిపించింది."

"మరి అప్పుడే చెప్పకపోయినవ్?"

"ఏం జెప్పాలె? రంధ్రాలు పడ్డయ్ గదా."

కోడలు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. అదే ఇబ్బందిగా ఉంది. ఆమె ఏడాదిలో మిగిలిన కొద్ది రోజుల్లో మూడు వారాలు నేను తినేశాను. సగం రంధ్రాలు ఇత్తడితో పూడుస్తానన్నాను. "వద్దు మామయ్యా, మళ్లా మార్చాల్సొస్తె ఎట్ల?" అంది. స్వీటు డబ్బా మూత చించి, దాని మీద పెన్సిల్‌తో పన్నెండు గళ్లు గీసింది. గీతలు వంకర. కార్మికులకు బదులు చింతగింజలు, శనగలు, గుండీలు.

మర్నాడు ఆమే ఆ మూత పట్టుకుని నాతో టీ హోటల్‌కు వచ్చింది. మావాళ్లు దాన్ని చూసి మొహాలు ముడుచుకున్నారు. కొలవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి ఆడారు.

"ఏయ్, నీ శనగ జరుపు! నాది నాచారం!"

"నేనెందుకు జరగాలె? నాది మల్లాపూర్. కూసో."

"గిట్లనే సర్వీసంత అడ్డం నిలబడ్డవ్ రా నువ్వు!"

ఇన్‌స్పెక్టరు మా కోడలి చేతిలోంచి పెన్సిల్ లాక్కుని హబ్సిగూడ స్టాపు కొట్టేశాడు. "ఈడ ఎవలు దిగుతలేరమ్మా, ఉట్టిగ జాగ." ఆ అల్యూమినియం ప్లేటు మీద అతను గీత గీసేవాడు కాడు. నేను గీయనిచ్చేవాణ్ణీ కాదు. ఆ రోజు నాలుగుసార్లు ఆడారు. తర్వాత పది రోజుల్లో ఏడు మూతలు చినిగాయి. ప్రతి మూతకూ ఏదో ఒకటి మారింది.

బెంగళూరు మనిషి వచ్చిన ఉదయం నేను ఒక పని చేశాను. ప్లేటును నూనెగుడ్డతో తుడిచి బల్ల మీద, మూత పక్కన పెట్టాను. ఒక్కసారి చూసిపోతే ఏం పోయిందనుకున్నాను. అతను రాగానే దాన్నే ఎత్తాడు. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని అడుగుతూ పోయాడు. పావుగంట అయింది. అతనికి గంటే టైముంది.

కోడలు నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మామయ్యా, అది లోపల పెట్టున్రి" అంది.

పరాయివాడి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ప్లేటు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. కాసేపటికి బయటి నుంచి ఆ మనిషి గొంతు వినిపించింది. హిందీలో, గుండీని జరపమని మా కోడలితో పోట్లాడుతున్నాడు. ఆమె జరపనంటోంది. మా ఆవిడ టీ ఇవ్వడానికి వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చి, "మూడోసారి ఆడుతున్నరు" అని చెప్పింది.

అతను వెంటనే తీసుకోలేదు. ఇట్లాగే అట్టతో ఇరవై సెట్లు చేసి పంపితే ఇరవై ఇళ్లలో ఆడించి చూస్తామని, ఆడిన తర్వాత మాట్లాడదామని చెప్పి వెళ్లాడు. సాయంత్రం మావాడు ఆఫీసు నుంచి వచ్చి విన్నాడు. "తీసుకున్నట్టా, తీసుకోనట్టా?" అన్నాడు.

"ఆడుతరట" అంది ఆమె. "నేను పాత ఆఫీసుకు రానని రాసేసిన."

వాడు ఆమె మొహం చూశాడు, గోడ చూశాడు, చొక్కా విప్పుతూ, "ఇరవై సెట్లు ఎవలు జేస్తరు మరి?" అన్నాడు.

"మామయ్య కత్తెర పడ్తరు" అంది. "నాచారం షెడ్డుకు మాత్రం పోనియ్య."

సెట్లు పంపి మూడు వారాలైంది. ఇంకా జవాబు రాలేదు.