ఒండులో కూర్చున్న తెరచాప పడవ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నాగర్‌కర్నూలు జిల్లాలో కృష్ణా వెనుక జలాల రేవుకు నన్ను డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను పడవల వర్క్‌షాపులో సీనియర్ మెకానిక్‌ని. బడిలో ఏడో తరగతి దాటలేదు. పని నేర్చుకున్నది విప్పి చూసిన ఇంజన్ల దగ్గర, పాత మాన్యువళ్ల దగ్గర.

అక్కడ లీకవుతున్నది మా శాఖ పంపిన తెరచాప పడవ. దాని అడుగున కీల్ అనే బరువైన ఇనుప రెక్క వేలాడుతుంది. గాలి తెరచాపను పక్కకు తోసినప్పుడు పడవ బోల్తా పడకుండా ఆపేది ఆ బరువే. పడవ లోపలి నుంచి దిగిన బోల్టులే దాన్ని పట్టి ఉంచుతాయి. ఎండాకాలం నీళ్లు గుట్టల దాకా వెనక్కి పోయే చోటికి అలాంటి పడవను పంపిన తెలివి ఎవరిదో ఈనాటికీ తెలియదు. తెలిస్తే మొహం మీదే అడిగేవాణ్ణి.

పడవను చూసుకునే నర్సింలు కాంట్రాక్టు మనిషి. తరతరాలుగా చేపలు పట్టే ఇల్లు. ఈ నౌకరీ దొరికిందని తన పుట్టిని, అంటే వెదురు అల్లి తారు పూసిన గుండ్రటి పడవను, బామ్మర్దికి ఇచ్చేశాడు. పడవ పోతే అతని నౌకరీ కూడా పోతుంది.

"రెండుమాట్ల తారు పూసిన సారూ. మల్ల నిండుతుంది," అన్నాడు.

పక్కన చేపల గంప దించుకుంటున్న అతని భార్య బాలమణి ఊరుకోలేదు. "పడవను నీళ్లల్ల కట్టుమన్నరు గానీ, నీళ్లను పడవల కట్టుమన్లే ఈయనను!"

ముగ్గురం నవ్వాం. ఆ రేవులో నేను నవ్వింది అదే ఆఖరు.

పడవను ఎక్కడ కట్టావని అడిగాను.

"ఒండుల కూసోబెట్టిన. నీళ్లు గుంజితే మేం గట్లనే చేస్తం సారూ. ఒండుల ఉన్న పడవ తల్లి ఒళ్లె ఉన్నట్టే."

పుట్టికి ఆ మాట నిజం. దాని అడుగు చదును. ఈ పడవ మాత్రం బురదలో ఆ ఇనుప రెక్క మీద నిలబడి, ఒరిగి, గాలి వీచినప్పుడల్లా ఊగింది. ఊగినప్పుడల్లా బోల్టులు వదులయ్యాయి. నర్సింలు నట్ల మీద పోసిన తారు నీటిని ఆపలేదు, వదులును మాత్రం కప్పింది.

క్రేను లేదు. కోడేరు నుంచి బోరు మోటార్లు పైకి తీసే ఖాజాను పిలిపించాను. మూడు కాళ్ల స్టాండు, చైన్ కప్పీ తెచ్చి, "జర పైలం సారూ, నా చైను మోటార్లనే ఎరుగుతది, ఓడలను ఎర్గదు," అంటూనే పడవను జానెడు లేపాడు. తారు గీకి స్పానర్ వేశాను. నట్టు తిరగలేదు, బోల్టు ముక్కతో సహా చేతిలోకి వచ్చింది. వదుల్లోంచి దిగిన నీటికి బోల్టు నడుము దగ్గర తుప్పు తిని పెన్సిలంత మిగిలింది. రెండోదీ అంతే. మిగతావాటిని ముట్టుకోలేదు.

ఫోన్ చేస్తే, నట్లు బిగించి పడవను నడపమని పైఅధికారి సెలవిచ్చాడు. విరిగిన బోల్టుకు నట్టు ఎక్కడ బిగించాలో మీరే వచ్చి చూపించండి అన్నాను. ఆయన రాలేదు.

పడవ పనికిరాదని రాశాను. కీల్ మీద నిలబెట్టడం వల్ల చెడిందని, అలా నిలబెట్టకూడదని ఇక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదని కూడా రాశాను. పై ఆఫీసు మొదటి సగమే పట్టుకుంది. నర్సింలును తీసేశారు.

ఆ కబురు వచ్చాక అతను నన్ను ఒక్కటే అడిగాడు. "పుట్టికి కీలుండదు గద సారూ, నాకెట్ల ఎర్కైతది?"

 బామ్మర్ది పుట్టి తిరిగి ఇవ్వలేదని, నర్సింలు అదే పుట్టిలో కూలికి తెడ్డు వేస్తున్నాడని తర్వాత ఖాజా చెప్పాడు. పడవ ఆ ఒండులోనే ఉంది.

నీళ్లు నిలవని చోటికి కీల్ ఉన్న పడవను పంపకూడదు. పంపితే, దాన్ని కట్టే మనిషికి ముందు చెప్పాలి. చెప్పనివాడి మీద మాత్రం ఏ రిపోర్టూ పని చేయదు.