భుజాలు చూసి నవ్విన పాపం

ఒక పెద్దావిడ కన్నీళ్లు పెట్టుకుంటుంటే, నిండు హాల్లో, ఆవిడ పక్కనే కూర్చుని పగలబడి నవ్విన ఘనత నాది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జర్మనీలోని బ్రెమెన్‌లో ఎమ్మెస్ మొదటి ఏడాది. మా హైదరాబాదీ స్నేహితుడు ఇర్ఫాన్ హాస్టల్ గదిలో నేలమీద పరుపేసుకుని ఉండేవాణ్ణి. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు హాస్టల్ వాళ్లు. సొంత చిరునామా లేనిదే ఆన్మెల్డుంగ్, అంటే ఊళ్లో నివాస నమోదు, కాదు, అది కానిదే వీసా పొడిగింపు లేదు. చూసిన ప్రతి గదీ ఇంకెవరికో దక్కింది. చివరికి ఫ్రావ్ లూచియా అనే ఇటలీ పెద్దావిడ తన మేడమీద గది చూపించింది. వయసులో ఇక్కడికొచ్చి, జర్మనీ అతన్నే పెళ్లాడిందట. ఆయన పోయి రెండేళ్లయింది.

"ఆదివారం మధ్యాహ్నం మా చర్చి హాల్లో పాత ఇటలీ కామెడీ సినిమా వేస్తారు. నాతో రా. మనిషివెలాంటివాడివో చూసి గది సంగతి చెబుతాను" అంది.

ఇది విని ఇర్ఫాన్ ఎగిరి గంతేశాడు. "ఇగ గది నీదే భాయ్! ఆమె నవ్వినప్పుడల్లా నువ్వు గట్టిగ నవ్వు."

"నాకు ఇటాలియన్ రాదు కదరా. కింద జర్మన్ అక్షరాలు కూడా ఉండవంట."

"ఆమెకొస్తది కద! ఆమెను చూడు, నవ్వు. గంతే."

ఈ సలహాకు నేను ఇంకా మెరుగులు దిద్దాను. చీకట్లో మొహం సరిగా కనబడదు, అదేపనిగా చూస్తే బాగుండదు. కాబట్టి భుజాలు చూడాలి. ఊగితే నవ్వాలి. ఇంజనీరింగ్ చదివింది ఇందుకే కదా.

తెరమీద ఒక తాపీమేస్త్రి. పని దొరకదు. రోజంతా తిరిగి, ఇంటికెళ్లేముందు గోడకున్న సున్నం గీకి చొక్కాకు పూసుకుంటాడు, పెళ్లాం ముందు పరువు పోకుండా. పక్కన ఫ్రావ్ లూచియా భుజాలు ఊగాయి, నేను నవ్వాను. మళ్లీ ఊగాయి, మళ్లీ నవ్వాను. ఆవిడ నావైపు మెచ్చుకోలుగా చూసింది. మనసులో నేను అప్పటికే ఆ గది కిటికీ పక్కన బల్ల వేసేశాను.

సినిమా చివర్లో ఆ పెళ్లాం ఒక్కతే కూర్చుని చొక్కా ఉతుకుతోంది. ఫ్రావ్ లూచియా భుజాలు మునుపెన్నడూ లేనంతగా ఊగాయి. నేనూ తొడ చరుచుకుని మరీ నవ్వాను.

హాలంతా నావైపు తిరిగింది. ఆవిడ సంచీలోంచి చేతిరుమాలు తీసి కళ్లొత్తుకుంది. భర్త పూసుకొస్తున్న సున్నం సంగతి ఆ ఇల్లాలికి మొదటినుంచీ తెలుసట. నాకే తెలియదు.

బయటికొచ్చి ఆవిడ వెనకే ట్రామ్ స్టాపు దాకా నడిచాను. అక్కడ ఆగి అడిగింది: "ఎందుకు నవ్వావు?"

గది ఎలాగూ పోయింది, నిజమైనా చెబుదామనుకున్నాను. "నాకు భాష రాదండీ. గది కోసం మీ భుజాలు చూసి నవ్వాను. క్షమించండి."

ఆవిడ చేతిరుమాలు మడిచి సంచీలో పెట్టుకుంది.

"మా ఆయనకూ వచ్చేది కాదు. పెళ్లికి ముందు ఈ సినిమాకే తీసుకెళ్లాను. నా భుజాలే చూశాడు. సరిగ్గా అక్కడే నవ్వాడు."

"మరి మీరేం చేశారు?"

"నెల రోజులు మాట్లాడలేదు."

నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులే. "నాకంత గడువు లేదండీ" అన్నాను, ఏడుపు గొంతుతో.

ఆవిడ భుజాలు మళ్లీ ఊగాయి. ఈసారి బుద్ధిగా ముందు మొహం చూశాను. నవ్వుతోంది. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

"రేపు సామాన్లు తెచ్చుకో" అంది.

ఆ ట్రామ్ స్టాపులోనే నిటారుగా నిలబడి ప్రమాణం చేశాను: మొహం చూడందే ఈ జన్మలో ఎవరి భుజాలకూ నవ్వను, ఇర్ఫాన్‌ను సలహా అడగను.

ఆదివారాలు ఇప్పటికీ ఆవిడ పక్కనే కూర్చుంటాను. భుజాలు ఊగితే చప్పుడు చేయకుండా చేతిరుమాలు అందిస్తాను. నవ్వైతే తిరిగిచ్చేస్తుంది.